ఇంట్లో చీమలు, పురుగులు: ఘాటు మందులు లేకుండా వదిలించుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

చీమలు, బొద్దింకలు, నల్లులు, పండ్ల ఈగలు... వీటి గురించి వచ్చే సందేహాలు ఎప్పుడూ దాదాపు అవే. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. కంటికి కనబడిన పురుగును చంపడం తేలికే. అది ఎక్కడ పుట్టి పెరుగుతోందో అక్కడిదాకా వెళ్లగలిగితేనే ఇల్లు కుదుటపడుతుంది. ఇక్కడి జవాబులన్నీ ఆ పని కోసం రాసినవే.

## మందు ముట్టుకోకముందు

ఏ పురుగైతే ఏంటి, అన్నిటికీ ఒకే చిట్కా పనిచెయ్యదా?

పనిచెయ్యదు. చీమలకు గూడు ఉంటుంది, దాన్లో రాణి ఉంటుంది. కాబట్టి ఎర గూటిదాకా చేరితే పని అవుతుంది. బొద్దింకలకు గూడంటూ ఉండదు, చీకటి సందుల్లో గుంపుగా నక్కుతాయి. పొడి మందు ఆ సందుల్లోనే పడాలి. నల్లి రక్తం తప్ప ఇంకేదీ తాగదు కనుక దాని పక్కనే తీపి ఎర పెట్టినా ముట్టదు. పండ్ల ఈగల విషయంలో అవి గుడ్లు పెట్టిన పండు పారేస్తే సగం పని అయిపోయినట్టే. అందుకని ముందు ఒక పురుగును పారదర్శకమైన టేపుకి అంటించి, వెలుతురులో నిదానంగా చూడండి. ఫోన్ కెమెరా జూమ్ చాలు, వేరే భూతద్దం అక్కర్లేదు.

ఒక్కసారిగా రెక్కల పురుగులు బోలెడు వచ్చాయి. అవి చీమలా, చెదలా?

మూడు గుర్తులు చూడండి. నడుము సన్నగా, దారం కట్టినట్టు ఉంటే చీమ; తల నుంచి తోకదాకా ఒకే లావుగా ఉంటే చెద. మీసాలు మోచెయ్యిలా వంగి ఉంటే చీమ. పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటే చెద. ముందు రెక్కలు పొడుగ్గా, వెనక రెక్కలు పొట్టిగా ఉంటే చీమ. నాలుగూ ఒకే పొడవుంటే చెద. చెదల రెక్కలు ఊరికే ఊడిపోతాయి. పొద్దున్న కిటికీ అంచున రెక్కలు మాత్రమే కుప్పగా పడి ఉంటే చెదల మీద అనుమానపడాల్సిందే. చీమలైతే నింపాదిగా చూసుకోవచ్చు. చెదలైతే గోడల వెంట మట్టి గొట్టాలు ఉన్నాయేమో ఆ రోజే వెతకండి.

అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎలా కనిపెట్టాలి?

చీమలకైతే బారు పక్కన ఒక కాగితం మీద చక్కెర నీటి చుక్క వెయ్యండి. కాసేపటికి చీమలు చుక్క అంచుకి తలలు ఆనించి, చుట్టూ కదలకుండా నిలబడి తాగుతాయి. తాగిన చీమ పొట్ట ఉబ్బుతుంది. చర్మం పలకల మధ్య లేత చారలు కనబడేంతగా సాగుతుంది. ఆ పొట్ట నిండిన చీమనే వెంబడించండి, అది తిన్నగా గూటికి పోతుంది. ఖాళీ పొట్టతో తిరిగే చీమ తిండి వెతుక్కుంటోంది, దాని వెనక పోతే దారి తెలియదు.

బొద్దింకలకు జిగురు అట్టలు వాడండి. సింకు కింద, ఫ్రిజ్ వెనక, పొయ్యి పక్కన, బాత్‌రూమ్ మూలల్లో ఆరేడు అట్టలు గోడకి ఆనించి రెండు రాత్రులు ఉంచండి. గోడకి జానెడు దూరంలో పెడితే లాభం లేదు, బొద్దింక గోడ అంచు పట్టుకునే నడుస్తుంది. ఏ అట్టకి ఎక్కువ పడ్డాయో ఆ చుట్టుపక్కలే వాటి స్థావరం. వాటిలో చిన్న పిల్లలుంటే మరీ దగ్గర.

ఇల్లు శుభ్రంగానే ఉంచుతాం, అయినా ఎందుకు వస్తున్నాయి?

తిండి కనబడకపోయినా నీళ్లుంటాయి. కారే కుళాయి, ఫ్రిజ్ వెనక నీటి పళ్లెం, తడి స్పాంజి, రాత్రంతా నానబెట్టిన గిన్నె చాలు. కిటికీకి ఆనుకున్న చెట్టుకొమ్మ చీమలకు వంతెన అవుతుంది. పాత అట్టపెట్టెల్లో బొద్దింక గుడ్లు బయటి నుంచి ఇంట్లోకి వస్తాయి. వాడిన ఫర్నిచర్‌తో నల్లులు వస్తాయి. పురుగులు వచ్చాయంటే ఇల్లు మురికిగా ఉందని అర్థం కాదు. సిగ్గుపడి దాచుకుంటే ఆలస్యం పెరుగుతుంది, పురుగూ పెరుగుతుంది.

## చీమల బారు కనబడిన రోజు

బారు తుడిచేసినా గంట తిరక్కుండా మళ్లీ అదే దారిలో వస్తున్నాయి. ఎందుకు?

తిండి దొరికిన చీమ గూటికి తిరిగి వెళ్తూ నేల మీద వాసన గీత ఒకటి వదులుతుంది. వెనక వచ్చే చీమలు దాన్ని పట్టుకుని నడుస్తూ, తామూ దాన్ని ముదురు చేస్తూ పోతాయి. పొడిగుడ్డతో తుడిస్తే చీమలు పోతాయి కానీ గీత పోదు. సబ్బునీళ్లతో రుద్ది తుడిస్తే గీత కూడా పోతుంది. బారు మొదలైన సందు నుంచి తిండి దాకా, దారి మొత్తం తుడవాలి. మధ్యలో మూరెడు వదిలేసినా అటూ ఇటూ వెతుక్కుని కలుపుకుంటాయి. అయినా బయట కనబడేవి గూటిలో ఉన్నవాటిలో కొద్ది వంతే కాబట్టి, తుడవడం ఆ పూటకి ఉపశమనం మాత్రమే.

వెనిగర్ మంచిదా, సబ్బునీళ్లా?

మా ఓటు సబ్బునీళ్లకే. లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు టీస్పూన్లు కలిపి స్ప్రే సీసాలో పోసుకోండి. నీరు మామూలుగా చీమ ఒంటి మీద నిలవక జారిపోతుంది. సబ్బు కలిస్తే ఒంటికి అంటుకుని, ఊపిరి పీల్చే రంధ్రాల్లోకి చేరి చంపుతుంది. నేరుగా మీద పడిన చీమలే చస్తాయి, ఆరిపోయాక దానికి ఏ బలమూ ఉండదు. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపితే వాసన గీత బాగానే చెరుగుతుంది కానీ చీమలు అంతగా చావవు. పైగా పాలరాయి, సున్నపురాయి లాంటి పలకల మీద వెనిగర్ పడితే మెరుపు పోయి మచ్చ నిలిచిపోతుంది.

దాల్చినచెక్క పొడి, మిరియాల పొడి, నిమ్మరసం గీస్తే రావంటారు. నిజమేనా?

కొన్ని గంటలపాటు దారి మళ్లుతాయి, అంతే. ఘాటైన వాసన వాటి గీతను కప్పేస్తుంది. వాసన తగ్గగానే పక్కనుంచి కొత్త దారి వేసుకుంటాయి. అతిథులు వచ్చే పూట ఒక అల్మారా కాపాడుకోవడానికి సరిపోతుంది, గూడు మాత్రం చెక్కుచెదరదు. ఎర పెట్టిన చోట ఈ పొడులు అసలు చల్లకండి, ఎర దగ్గరికే రాకుండా పోతాయి.

చీమల సుద్దముక్క సహజమైనదేనా?

కాదు. చూడటానికి బడి సుద్దలా ఉన్నా దాన్లో డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి కృత్రిమ పురుగుమందు కలిపి ఉంటుంది. పిల్లలు మామూలు సుద్ద అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదం నిజంగా ఉంది. గీత తొక్కితే పొడి కాళ్లకు, చేతులకు అంటుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో దీన్ని వాడొద్దనే చెబుతాం.

స్విచ్‌బోర్డులోకి, ల్యాప్‌టాప్‌లోకి చీమలు దూరాయి. ఏం చెయ్యాలి?

ద్రవం ఏదీ చల్లకండి, సబ్బునీళ్లయినా సరే. ల్యాప్‌టాప్‌ని ఆపేసి, ఛార్జర్ తీసేయండి. ఒక పళ్లెంలో నీళ్లు పోసి, నడుమ బోర్లించిన గిన్నె మీద నీరు తగలకుండా దాన్ని ఉంచండి. బయట, నీటికి ఇవతల, తీపి పెట్టండి. లోపలి చీమలు నెమ్మదిగా బయటికి వస్తాయి గానీ నీరు దాటి గూటికి పోలేవు, కనబడినప్పుడల్లా తుడిచేస్తూ ఉండాలి. గుడ్లు, పిల్లలు లోపలే ఉంటే అది గూడే అయినట్టు, విప్పి శుభ్రం చేయించాలి. స్విచ్‌బోర్డు అయితే మెయిన్ ఆపి, మూత విప్పి, పొడి బ్రష్‌తో దులిపించి, వైరు వచ్చే గొట్టం చుట్టూ సందు మూయించండి. ఇది ఎలక్ట్రీషియన్ చేతుల్లో పెట్టాల్సిన పని.

## ఎర పెట్టే దశ

బోరిక్ ఎర ఎలా కలపాలి? సరైన కొలత ఏంటి?

అర లీటరు గోరువెచ్చని నీళ్లు, 50 నుంచి 100 గ్రాముల చక్కెర, 5 గ్రాముల బోరిక్ యాసిడ్ పొడి. అంటే గీసి కొలిచిన టీస్పూన్ ఒకటి. పొడి పూర్తిగా కరిగి, నీరు తేటపడేదాకా కలపండి. ఇది దాదాపు 1 శాతం బలం. అడుగున పలుకులు మిగిలితే చీమలకు ఒక చుక్కలో తక్కువ, ఇంకో చుక్కలో ఎక్కువ పడుతుంది.

ప్లాస్టిక్ మూతలో దూదిపింజ పెట్టి, తడిసేదాకా పోసి, బారు పక్కన ఉంచండి. దూది లేకుండా పోస్తే చీమలు మునిగి చస్తాయి, చచ్చిన చీమ గూటికి ఏమీ మోసుకుపోలేదు. రెండు మూడు రోజులకోసారి దూది మార్చండి. ఆరిపోయి గట్టిపడ్డ ఎరను అవి ముట్టవు. మిగిలిన ద్రావణాన్ని సీసాలో పోసి, మీద పెద్ద అక్షరాలతో 'విషం' అని రాసి, పిల్లలకు అందనిచోట తాళం వేసి పెట్టండి. తాగే నీళ్ల సీసా మాత్రం దీనికి వాడకండి.

బోరిక్ యాసిడ్ దొరకలేదు. బోరాక్స్ వాడొచ్చా?

వాడొచ్చు, కాస్త ఎక్కువ పడుతుంది. పనిచేసేది రెంటిలోనూ బోరానే. బోరిక్ యాసిడ్‌లో అది సుమారు 17.5 శాతం, బోరాక్స్‌లో సుమారు 11.3 శాతం. కాబట్టి 5 గ్రాములకు బదులు 7 లేదా 8 గ్రాములు వెయ్యండి. వంటసోడా మాత్రం వీటికి బదులు కాదు.

మందు రెండింతలు వేస్తే త్వరగా చస్తాయి కదా?

అన్నిటికన్నా ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. ఎర పని మోసుకుపోయిన చీమను చంపడం కాదు. ఆ చీమ గూటికి వెళ్లి, తాగినదాన్ని నోటి నుంచి నోటికి పంచుతుంది. పంపకం సాగి సాగి రాణికీ, పిల్లపురుగులకీ చేరుతుంది. దీనికి రోజులు పడుతుంది. మందు ఎక్కువైతే మోసే చీమ దారిలోనే చస్తుంది, లేదా రుచి తేడా పసిగట్టి తాగడం మానేస్తుంది. పలచటి మందు, నిండైన ఓపిక. ఎర రహస్యం అంతా ఇందులోనే ఉంది.

ఎర పెట్టాక చీమలు ఇంకా ఎక్కువయ్యాయి. తీసెయ్యనా?

తీయకండి, అది మంచి సూచన. తిండి దొరికిందని కబురు అందుకుని గుంపుగా వస్తున్నాయి. మొదటి ఒకటి రెండు రోజులు బారు లావుగా కనిపిస్తుంది. ఆ దారిని తుడవకండి, స్ప్రే కొట్టకండి, ఎర అయిపోకుండా నింపుతూ ఉండండి. ఆ తర్వాత పల్చబడుతుంది. చిన్న గూడైతే వారం, పెద్దదైతే మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. బారు ఆగిపోయాక కూడా మరో వారం ఎర ఉంచండి. గుడ్ల నుంచి కొత్తగా వచ్చిన చీమలు అప్పుడే బయట తిరగడం మొదలుపెడతాయి.

తీపి ఎర పెట్టినా పక్కనుంచే పోతున్నాయి, ముట్టడం లేదు.

గూటిలో పిల్లపురుగులు ఎక్కువున్నప్పుడు వాటికి మాంసకృత్తులు కావాలి. అప్పుడు తీపి వదిలేసి నూనె, మాంసపు ముక్కల వెంట పడతాయి. ఒక కాగితం మీద ఒక మూల చక్కెర నీటి చుక్క, ఇంకో మూల వేరుశనగ ముద్ద గోరంత పెట్టి గంట చూడండి. ముద్ద దగ్గరే గుమిగూడితే 100 గ్రాముల ముద్దలో 1 గ్రాము బోరిక్ పొడి బాగా మెదిపి ఎరగా పెట్టండి. 1 గ్రాము అంటే గీసిన పావు టీస్పూన్. చుట్టూ వేరే తిండి తెరిచి ఉన్నా ఎరను పట్టించుకోవు. ఎర పెట్టిన రాత్రి గట్టు మీద తినేది ఇంకేదీ ఉండకూడదు.

ఎర పెడుతూనే స్ప్రే కూడా కొడితే రెండువైపులా పని అవుతుంది కదా?

ఒకదాన్ని ఇంకోటి చెడగొడుతుంది. స్ప్రే పడిన దారి చీమలు తొక్కవు, ఎర దగ్గరికి చేరవు. ఫారో చీమల విషయంలో ఇంకా పెద్ద చిక్కుంది. ఇవి పసుపుపచ్చగా, 2 మిల్లీమీటర్ల పొడవుంటాయి, ఒకే గూటిలో చాలామంది రాణులుంటారు. ఉక్కిరిబిక్కిరి చేస్తే ఆ గూడు ముక్కలై, ఒక్కో రాణి కొన్ని చీమల్ని వెంటేసుకుని వేరే గోడలోకి మారుతుంది. ఒక గది సమస్య నాలుగు గదులది అవుతుంది. సన్నటి పచ్చచీమలు కనబడితే ఎర ఒక్కటే దారి.

ముందు సందులు మూసెయ్యాలా, ఎర పెట్టాలా?

ముందు ఎర, తర్వాత మూత. దారి ముందే మూస్తే ఎర గూటికి చేరదు, చీమలు కొత్త సందు వెతుక్కుంటాయి. బారు పూర్తిగా ఆగాక గోడ బీటలు పుట్టీతోనూ, కిటికీ చట్రం, సింకు, పైపుల చుట్టూ సందులు సిలికాన్ సీలెంట్‌తోనూ మూయండి. తడిగా ఉండే చోట పుట్టీ నిలవదు. తలుపు కింద వెలుతురు కనిపిస్తే రబ్బరు పట్టీ వెయ్యండి.

కుండీలో మొక్కకి చీమలు పట్టాయి. మట్టిలో మందు పొయ్యాలా?

ముందు ఆకుల అడుగు చూడండి. తెల్లటి దూదిలా పిండినల్లి గానీ, పేనుబంక గానీ ఉంటే చీమలు వచ్చింది దాని కోసమే. ఆ పురుగులు ఆకురసం పీల్చి తీపిజిగురు విసర్జిస్తాయి, చీమలు దాన్ని తాగుతూ వాటికి కాపలా కాస్తాయి. పిండినల్లిని 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటిగా తుడవండి. పేనుబంకకు లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సబ్బు బాగా గిలకొట్టి, సాయంత్రం ఆకుల అడుగున కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ముందు ఒక్క ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడటం మంచిది. బోరిక్ మాత్రం మట్టిలో పొయ్యకండి, బోరాన్ ఎక్కువైతే మొక్కే చస్తుంది.

## బొద్దింకలు

చిన్నవి, పెద్దవి రెండు రకాలున్నాయి. తేడా తెలుసుకోవాలా?

తప్పకుండా తెలుసుకోవాలి. ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు, లేత గోధుమరంగులో, తల వెనక రెండు నల్లచారలతో ఉండేది జర్మన్ బొద్దింక. అది వంటింట్లోనే పుట్టి వంటింట్లోనే పెరుగుతుంది. ఆడది 30 నుంచి 40 గుడ్లున్న సంచిని, పిల్లలు బయటికొచ్చే దాకా ఒంటికే తగిలించుకుని తిరుగుతుంది. నాలుగు సెంటీమీటర్ల దాకా పెరిగి, ఎర్రటి గోధుమరంగులో ఉండేది అమెరికన్ బొద్దింక. అది ఎక్కువగా మోరీలు, డ్రైనేజీ నుంచి ఎక్కి వస్తుంది. మొదటిదానికి అల్మారాల లోపల పొడి, ఎర కావాలి. రెండోదానికి తూము జాలీ, నీటి అడ్డు సరిచూసుకుంటే చాలావరకు ఆగుతుంది. వాడకంలో లేని బాత్‌రూమ్‌లో తూము కింది నీరు ఆరిపోతుంది, వారానికోసారి చెంబెడు నీళ్లు పోస్తూ ఉండండి.

బోరిక్ పొడి చల్లినా పక్కనుంచి తిరుగుతున్నాయి, చావడం లేదు.

గుట్టలుగా పోసి ఉంటారు. బొద్దింక పొడి గుట్టను చుట్టి పోతుంది. కంటికి ఉందా లేదా అన్నట్టు పల్చటి పొరగా ఉంటే దానిమీద నడుస్తుంది, కాళ్లకు, మీసాలకు అంటినదాన్ని నోటితో శుభ్రం చేసుకుంటూ మింగుతుంది. మెత్తటి ప్లాస్టిక్ సీసాలో మూడోవంతు పొడి నింపి, మూతికి సన్న రంధ్రం పెట్టి, సీసా నొక్కి సందులోకి ఊదండి. ఫ్రిజ్ కింద, పొయ్యి వెనక, అల్మారా అడుగున, పైపు గోడలోకి పోయే చోట వెయ్యండి. వంట చేసే గట్టు మీద, గిన్నెలుండే అరల్లో వెయ్యకండి. తడిసి గడ్డకట్టిన పొడి పనిచెయ్యదు. గుడ్లలో ఉన్నవాటిని ఇది తాకదు కాబట్టి రెండు మూడు నెలలు పొడి పొరను అలాగే ఉంచాలి.

వంటసోడా, చక్కెర కలిపి పెడితే చాలంటారు?

తిన్న కొన్ని చావొచ్చు, పెద్ద గుంపు మీద నమ్మకంగా పనిచెయ్యదు. దానికి పెట్టే శ్రద్ధ రాత్రి సింకు ఆరబెట్టడం మీద పెట్టండి. బొద్దింకలు తిండి లేకుండా వారాల తరబడి బతుకుతాయి, నీళ్లు లేకపోతే అంతకన్నా చాలా ముందే చస్తాయి. పడుకోబోయే ముందు సింకు పొడిగుడ్డతో తుడిచి, చెత్తబుట్ట మూసి, పెంపుడు జంతువు నీళ్ల గిన్నె తీసేయండి.

డయటోమేషియస్ ఎర్త్ అంటే ఏంటి? అది నయమా?

నీటిలో బతికే సూక్ష్మజీవుల సిలికా పెంకులు ఏర్పరిచిన మెత్తటి పొడి అది. పురుగు ఒంటిమీది మైనపు పొరను పీల్చేసి, ఒంట్లో నీరు ఆరిపోయేలా చేస్తుంది. విషం కాదు కాబట్టి పురుగులు దానికి అలవాటు పడటం కష్టం. పొడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది, ఫలితానికి రోజులు పడుతుంది. ఈతకొలను ఫిల్టర్ల కోసం అమ్మే రకం కొనకండి. దాన్ని కాల్చి తయారుచేస్తారు, ఊపిరితిత్తులకు హాని చేసే స్ఫటిక సిలికా అందులో ఎక్కువ. పురుగుల కోసమని లేబుల్ మీద రాసి ఉన్నదే తీసుకుని, మాస్కు కట్టుకుని, ఫ్యాను ఆపి చల్లండి.

## నిల్వ సరుకులు

గాలి ఆడని డబ్బాలో పెట్టినా బియ్యానికి ముక్కుపురుగు పట్టింది. ఎలా వచ్చింది?

డబ్బాలోకి రాలేదు, బియ్యంతోనే వచ్చింది. ఆడపురుగు గింజకు చిన్న రంధ్రం తొలిచి, లోపల గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పిల్ల గింజ లోపలే తిని పెరుగుతుంది కాబట్టి కొన్ననాడు ఏమీ కనబడదు. కొత్త సరుకును చిన్న సంచుల్లో కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. పెద్ద సంచైతే మధ్యదాకా చల్లబడటానికి వారం పడుతుంది. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా సంచి విప్పకండి, గాలిలో తడి గింజలకు పట్టి బూజు వస్తుంది.

ఎండలో పోస్తే పెద్ద పురుగులు పారిపోతాయి గానీ, గింజ వేడి 50 డిగ్రీలు దాటకపోతే లోపలివి బతికే ఉంటాయి. పల్చగా పరచకపోతే అంత వేడి అడుగుదాకా పోదు. వేపాకులు, బిర్యానీ ఆకులు వేస్తే కొత్తవి రావడం కొంత తగ్గొచ్చేమో, గింజలో ఉన్నవాటిని అవి ఏమీ చెయ్యలేవు.

పురుగు పట్టిన పిండి జల్లించి వాడుకోవచ్చా?

ఒకటి రెండు కనబడితే జల్లించొచ్చు. పిండి గులాబీ ఛాయకి తిరిగి, ఘాటైన వాసన వస్తుంటే పారేయండి. పిండి పెంకుపురుగులు వదిలే క్వినోన్లు అనే పదార్థాల వల్ల అలా అవుతుంది, జల్లిస్తే అవి పోవు. పిండిలో సాలెగూడులాంటి దారాలుంటే అది చిమ్మట పని, అదీ పారేయడమే. ఖాళీ అయిన అరను వ్యాక్యూమ్‌తో, మూలలను బ్రష్‌తో శుభ్రం చెయ్యండి.

## ఎగిరేవి

సింకు దగ్గర చిన్న ఈగలు. పండ్లవా, తూములోవా?

రాత్రి తూము జాలీ మీద టేపు, జిగురు వైపు కిందికి ఉండేలా అంటించండి, కాస్త గాలి ఆడేలా. పొద్దున్న టేపుకి ఈగలు పడి ఉంటే అవి తూములోనే పుడుతున్నాయి. తూము ఈగలు గోడ మీద వాలినప్పుడు నూగు రెక్కలతో బుల్లి సీతాకోకలా ఉంటాయి. గొట్టం లోపలి గోడకు పట్టిన జిడ్డుపొరలో వాటి పిల్లలుంటాయి. మరిగే నీళ్లు, బ్లీచింగ్ పోస్తే ఆ పొర పైనుంచి జారిపోతాయి. పొడుగు బ్రష్‌తో గొట్టం గోడలు గీకి, తర్వాత వేణ్నీళ్లు పొయ్యండి. రెండు వారాలపాటు మూడు రోజులకోసారి చెయ్యాలి.

టేపు ఖాళీగా ఉంటే పండ్ల ఈగలు. మెత్తబడిన పండ్లు, చెత్తబుట్ట అడుగు, ఖాళీ సీసాలు చూడండి. గ్లాసులో రెండు వేళ్లంత వెనిగర్ పోసి, ఒక్క చుక్క లిక్విడ్ సబ్బు వెయ్యండి. సబ్బు లేకపోతే నీటి మీద వాలి లేచిపోతాయి. గుడ్డు నుంచి ఈగ కావడానికి వెచ్చటి గదిలో పది రోజులు చాలు, కాబట్టి గ్లాసును రెండు వారాలు మారుస్తూ ఉంచండి.

దోమల చక్రాలు వద్దనుకుంటే ఏం చెయ్యాలి?

నీటి దగ్గర ఆపండి. గుడ్డు నుంచి దోమ కావడానికి వెచ్చటి కాలంలో వారం పది రోజులు పడుతుంది. వారానికి ఒక రోజు పెట్టుకుని కూలర్, కుండీ పళ్లెం, ఫ్రిజ్ పళ్లెం ఖాళీ చెయ్యండి. ఒంపితే సరిపోదు, గోడలు పీచుతో రుద్దాలి. ఏడిస్ దోమ గుడ్లు నీటి గీతకి పైన అంటుకుని, ఎండిపోయి నెలల తరబడి బతికి, నీళ్లు తగలగానే పిగులుతాయి. ఒంపలేని నీటిలో బీటీఐ బిళ్లలు వెయ్యొచ్చు. 1976లో నెగెవ్ ఎడారిలో కనుగొన్న బ్యాక్టీరియా అది, దోమ పిల్లలను చంపుతుంది, చేపలకు, మనుషులకు హాని చెయ్యదు. రాత్రి మంచం మీదికి ఫ్యాను గట్టిగా తిప్పండి, దోమ ఎదురుగాలిలో ఎగరలేదు. దోమతెరను మించింది ఇప్పటికీ లేదు.

అల్ట్రాసోనిక్ యంత్రం, అంటే మన చెవికి వినబడని శబ్దంతో పురుగుల్ని తరుముతుందని అమ్మేది, ప్లగ్‌లో పెడితే అన్నీ పోతాయంటున్నారు?

కొనకండి. ఈ యంత్రాల గురించి చెప్పే గొప్పలకు ఆధారం చూపాలంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో 60కి పైగా సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది.

## పడక, పుస్తకాలు, బట్టలు

నల్లులు పట్టాయి. పరుపు పారేస్తే పోతాయా?

పోవు. మంచం కీళ్లలో, గోడ పగుళ్లలో, స్విచ్‌బోర్డు వెనక మిగిలే ఉంటాయి. పరుపును గదులగుండా ఈడ్చుకెళ్తే దారి పొడవునా రాలతాయి కూడా. వేడి వీటికి గట్టి శత్రువు. దుప్పట్లు, దిండు గలేబులు 60 డిగ్రీల నీటిలో ఉతికి, డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పండి. పరుపు కుట్లు, మంచం కీళ్ల వెంట ఆవిరి యంత్రాన్ని వేలి వెడల్పున మెల్లగా నడపండి. ఆవిరి ధార మరీ బలంగా ఉంటే నల్లులు చెదిరిపోతాయి. మంచాన్ని గోడకు దూరంగా జరిపి, ప్రతి కోడు కింద నున్నటి గోడల గిన్నె పెట్టి టాల్కం పౌడర్ రాయండి, ఎక్కలేక అందులోనే ఉండిపోతాయి. గుడ్లు వారం పది రోజుల్లో పిగులుతాయి కాబట్టి పది రోజులకోసారి, కనీసం మూడుసార్లు ఇదంతా చెయ్యాలి. ఆల్కహాల్ చల్లకండి, పరుపు అంటుకున్న ప్రమాదాలున్నాయి.

పుస్తకాల అరలో వెండిరంగు పురుగులు పరిగెడుతున్నాయి.

తేమే కారణం. జిగురు, పిండిపదార్థం తింటాయి. అరను గోడకు నాలుగు వేళ్లు దూరం జరిపి గాలి ఆడనివ్వండి. గాజుసీసా బయటివైపు కాగితపు టేపు చుట్టి లోపల బ్రెడ్డుముక్క వెయ్యండి. టేపు పట్టుకుని ఎక్కుతాయి, నున్నటి లోపలిగోడ ఎక్కలేవు.

బట్టల్లో కలరా ఉండలు వెయ్యడం మంచిదేనా?

ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఆవిరి గదిలో పీల్చదగింది కాదు. జీ6పీడీ లోపం (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసిపిల్లలకు, కలరా ఉండల్లో ఉంచిన బట్టలు తొడిగితేనే రక్తకణాలు చితికి ప్రాణం మీదికి రావచ్చు. ఉన్ని, పట్టుబట్టలు ఉతికి, బాగా ఆరబెట్టి, జిప్ సంచుల్లో మూసి పెట్టండి. అనుమానం ఉన్న బట్టను సంచిలో కట్టి వారం ఫ్రీజర్‌లో ఉంచండి.

## పిల్లలు, పెంపుడు జంతువులున్న ఇల్లు

సహజమైనదైతే భయం లేదు కదా?

సహజం అన్నంత మాత్రాన నిరపాయం కాదు. కర్పూరం కొద్దిగా మింగినా చిన్నపిల్లలకు మూర్ఛ రావచ్చు. టీ ట్రీ నూనె పిల్లులకు విషం. వేపనూనె పసిపిల్లలకు తాగిస్తే ప్రమాదం. బోరిక్ యాసిడ్ కూడా మింగకూడనిదే. బోరిక్ ఎరను మూతకి చీమ దూరేంత రంధ్రాలు పెట్టిన డబ్బాలో ఉంచి, టేపుతో మూసి, అల్మారా వెనక అంటించండి. ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా, ప్యాకెట్ వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

వెనిగర్, బ్లీచింగ్ కలిపి తుడిస్తే బాగా శుభ్రమవుతుందా?

ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్‌రూమ్‌లో అది ఊపిరి ఆడనివ్వదు.

## తగ్గకపోతే

నెల దాటినా చీమలు తగ్గలేదు.

ఒకటి కన్నా ఎక్కువ గూళ్లు ఉండొచ్చు, లేదా గూడు పక్కింటి గోడలో ఉండొచ్చు. బారు వేరే గోడ నుంచి వస్తోందేమో చూసి అక్కడ కొత్త ఎర పెట్టండి. తీపి, నూనె పరీక్ష మళ్లీ చెయ్యండి, వాటి ఇష్టం మారి ఉండొచ్చు. అపార్ట్‌మెంట్లో అయితే పక్కవాళ్లు, కిందివాళ్లు కూడా అదే వారంలో ఎర పెడితేనే తేలుతుంది.

ఇంటి చిట్కాలు వదిలేసి నిపుణులను ఎప్పుడు పిలవాలి? ఏం అడగాలి?

చెదల మట్టి గొట్టాలు కనబడితే వెంటనే పిలవండి. గొట్టం పగలగొట్టి పైపైన ఏదో రాస్తే భూమిలో ఉన్న గూడుకి ఏమీ కాదు. నల్లులు రెండు గదులకు పాకినా, పగటిపూట కూడా బొద్దింకలు తిరుగుతున్నా పిలవాల్సిందే. పగలు తిరుగుతున్నాయంటే సందుల్లో చోటు చాలనంత పెరిగాయన్నమాట.

వచ్చినవాళ్లు ఏ పురుగో పేరు చెప్పగలగాలి. బొద్దింకలకు గది మొత్తం స్ప్రే కాకుండా సందుల్లో జెల్ ఎర పెట్టమని అడగండి. మందులో పనిచేసే పదార్థం పేరు, ఎక్కడెక్కడ వేశారు, ఎన్ని గంటలు గదిలోకి వెళ్లకూడదు, రెండోసారి ఎప్పుడు వస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. చేపల తొట్టి ఉంటే ముందే చెప్పండి. పైరిత్రాయిడ్ మందులు (డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి) చేపలకు కొద్దిగా తగిలినా ప్రాణాంతకం, తొట్టి మీద మూత వేసి గాలి పంపు ఆపాలి, లేదా తొట్టినే వేరే గదికి మార్చాలి.